ఫార్మాట్ చెయ్యనన్న త్రివేణి

త్రివేణికి హోసూరు కంపెనీవాళ్లు ఇంతవరకు రెండు మెమోలు ఇచ్చారు. రెండింట్లోనూ ఒకటే నేరం. సర్క్యూట్ బోర్డు పనిచెయ్యకపోతే ఎర్ర ముద్ర కొట్టి రిజెక్ట్ పెట్టెలో పడెయ్యాలి, అదే ఆమె ఉద్యోగం. ఆమె పడెయ్యలేదు. ఎందుకు పనిచెయ్యడం లేదో చూస్తూ కూర్చుంది. వెనక లైనంతా ఆగిపోయింది, సూపర్‌వైజరు అరిచాడు, ఆమె వినిపించుకోలేదు. ఆ రెండు కాగితాలనూ రేషన్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుంది. అంత జాగ్రత్తగా దాచడానికి అవేమన్నా అవార్డులా అని ఒకసారి అడిగాను.

"రెండు తూర్లూ బోర్డు పనిచేసింది టీచరమ్మా," అంది. "కారణం తెలీకుండా రిజెక్ట్ ముద్ర నేను కొట్టను."

ఆ టీచరమ్మ నేనే. పేరు పుష్పావతి. మత్తూరు దగ్గర తెలుగు బడిలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని పిల్లలు నా వెనక అనుకోవడం నాకు తెలుసు, అది నిజం కూడా. చుట్టూ అరవం, కన్నడం వింటూ పెరిగే మా పిల్లలు తెలుగు పుస్తకం తెరిస్తే మాటమాటకూ తడబడతారు. వాళ్ల గొంతు వాళ్లకే వినిపిస్తే తప్పులు వాళ్లే పట్టుకుంటారని, గుప్పిట్లో పట్టేంత ఆడియో రికార్డరు ఒకటి కొనుక్కున్నాను. ఈ కథ ఆ రికార్డరుది. ఇందులో నేను చేసిన మంచి పనులంటూ పెద్దగా లేవు. తెలివితక్కువ పనులు మాత్రం రెండున్నాయి, వాటి చోటు వచ్చినప్పుడు దాచకుండా చెబుతాను.

త్రివేణి పుట్టిల్లు కావేరిపట్టణం. తండ్రి బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కాలిపోయిన మోటారును ఆయన విప్పడం, లోపలి రాగితీగ ఎక్కడ తెగిందో వేలితో తడిమి కనిపెట్టడం చూస్తూ పెరిగింది. కృష్ణగిరిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది. మా వీధి అనంతకుమార్‌ను పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చింది. తెల్లారకముందే మత్తూరు రోడ్డులో కంపెనీ బస్సెక్కి హోసూరు పోతుంది, సాయంత్రానికి తిరిగొస్తుంది.

అనంతకుమార్‌ది గొర్రెల ఇల్లు. ఇంటికి పెద్ద అతని తల్లి కెంచమ్మ. మొగుడు పోయేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు, చంకలో బిడ్డ, దొడ్లో రెండు గొర్రెలు. పుట్టింటివాళ్లు వచ్చెయ్యమన్నారు, పోలేదు. ఆ రెండు గొర్రెలు అరవై నాలుగయ్యాయి. మందను తోలడానికి ఆమె కట్టె పైకెత్తగా నేనెన్నడూ చూడలేదు. అంతా గొంతుతోనే. పెదవులు కలిపి "త్ర్ర్ర్ర్" అని అదిరిస్తే మంద మళ్లుతుంది. నాలుకను అంగిలికి కొట్టి టక్ టక్‌మంటే ఎక్కడివక్కడ నిలబడతాయి. "హోయ్... బా, బా, బా" అని సాగదీస్తే ఇంటిదారి పడతాయి. కొత్తకోడలు త్రివేణిని దొడ్డి దగ్గర నిలబెట్టి, "మన ఇంటి పిల్ల, బాగా చూసుకోండి" అని గొర్రెలకు చెప్పిందట. ఒక్కటీ తలెత్తి చూడలేదని త్రివేణి ఇప్పటికీ నవ్వుతుంది.

పోయిన ఏడాది కెంచమ్మ గొంతు బొంగురుపోయింది. మందులకు తగ్గలేదు. బెంగళూరు ఆస్పత్రిలో చూసి, గొంతులోని స్వరపేటిక తీసెయ్యాలన్నారు. తియ్యకపోతే మనిషి దక్కదు, తీస్తే మాట దక్కదు. కెంచమ్మ ఒకటే అడిగింది.

"గొర్రెల్ని పిలిచేదానికైతాదా?"

డాక్టరుకు అర్థంకాలేదు. అనంతకుమార్ "అంతా బాగైపోతాదిలేమ్మా" అన్నాడు. త్రివేణి మాత్రం అత్త చెయ్యి పట్టుకుని, "కాదత్తా. పిలిచేదానికి కాదు," అంది. ఆ మాటకు కెంచమ్మ కోడలి మీద కోపం చేసుకోలేదు. దారంతా బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చుందట.

ఇంటికొచ్చాక త్రివేణి అత్త పిలుపులను సెల్‌ఫోన్లో రికార్డు చేసింది. మంద ముందు వినిపిస్తే గొర్రెలు మేత మీంచి మూతి తియ్యలేదు. ఎందుకని ఆమె రెండు రోజులు తల బద్దలుకొట్టుకుంది. ఫోన్లు మనిషి మాట కోసం తయారైనవి, మాట కాని ప్రతిదాన్నీ గోల అనుకుని తుడిచేస్తాయి. కెంచమ్మ పెదవుల అదురును, నాలుక చప్పుడును ఫోను గోల కింద జమకట్టింది. అప్పుడు త్రివేణి నా రికార్డరు అడగడానికి వచ్చింది.

"ఇది ఏదీ తుడవదు టీచరమ్మా. వచ్చిన శబ్దం వచ్చినట్టే పెట్టుకుంటాది," అంది. నా ముందే కూర్చుని, శబ్దం ఇంకా నాణ్యంగా రావాలని లోపల సెట్టింగు కూడా మార్చుకుంది. నేను చూస్తూనే ఉన్నాను.

ఆపరేషనుకు పోయే రోజు త్రివేణి ముందు హోసూరు పోయి, కంపెనీలో సెలవు కాగితం ఇచ్చి, అక్కణ్నుంచి ఆస్పత్రికి చేరాలి. అనంతకుమార్ తల్లిని కారులో తీసుకొస్తాడు. అందుకని బస్సుకు పోయేముందు త్రివేణి దొడ్డి గోడ మీద రికార్డరు పెట్టి, గాలి చప్పుడు పడకుండా దానికి నల్ల స్పాంజి టోపీ తొడిగి, బటన్ నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది.

"అత్తా, మూడు పిలుపులూ ఐదారు తూర్లు పిలువు. అయినాక ఈ బటన్ ఒత్తితే లైటు పోతాది. అంతే పని."

కెంచమ్మ తల ఊపింది. త్రివేణి బస్సుకు పరిగెత్తింది.

ఇరవై రోజులకు కెంచమ్మ ఇంటికొచ్చింది. మెడ ముందర చిన్న రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. ఊపిరంతా అందులోంచే. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. చదువు లేదు కాబట్టి రాసి చూపించే దారీ లేదు. ఆమె లేని ఇరవై రోజుల్లో మంద చెల్లాచెదురైంది. పక్క మామిడితోటలో పడి లేత కొమ్మలు తినేశాయి. రెండు గొర్రెలు రోడ్డు మీద లారీ కింద పడ్డాయి. అనంతకుమార్ గ్రానైటు పాలిష్ పనికి పోయొచ్చి ఈ తగువులన్నీ తీర్చలేక అలిసిపోయాడు, అది నేను ఒప్పుకుంటాను. అలిసిపోయి గొర్రెల వ్యాపారి కృష్ణప్పతో మాట్లాడేశాడు. మా దగ్గరి పోచంపల్లి సంతకు ముందురోజు, శనివారం పొద్దున, కృష్ణప్ప బండి తెచ్చి మందనంతా తోలుకుపోతాడు.

కెంచమ్మ ఒప్పుకుందా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

"అమ్మే చెప్పినాదప్పా," అన్నాడు అనంతకుమార్. "ఆస్పత్రికి పోయే దినం పొద్దున, ఇంక ఇచ్చెయ్‌రా అని నోరు తెరిచి చెప్పినాది."

కెంచమ్మ తల అడ్డంగా ఊపింది. కట్టెతో నేలను కొట్టింది. బాధకు అలా చేస్తోందని చుట్టాలు ఆమె వీపు నిమిరారు. ఆస్పత్రి మత్తు ఇంకా దిగలేదని ఒకామె అంది. నోరున్నన్నాళ్లూ కెంచమ్మ ఎదుట నిలబడి మాట్లాడలేనివాళ్లంతా ఇప్పుడు ఆమె తరఫున మాట్లాడేవాళ్లయ్యారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ పొద్దున ఆ ఇంట్లో తల్లీకొడుకులు తప్ప ఎవరూ లేరు, అతను చెప్పింది అబద్ధమని ఎవరనగలరు?

త్రివేణి మొగుడి ఎదురుగా నిలబడింది.

"పిలుపులు రికార్డరులో ఉండాయి. శనివారం లోపల మందను నేను తిప్పి చూపిస్తాను. తిప్పలేకపోతే అప్పుడు కృష్ణప్పను రమ్మను."

"చూపించుపో," అన్నాడు అతను. అది జరిగే పని కాదనుకుని ఉంటాడు.

అప్పటికి బుధవారం. రికార్డరు దొడ్డి గోడ మీద లేదు. వెతగ్గా వెతగ్గా ఇంట్లో దీపం గూట్లో దొరికింది. సెల్లులు చచ్చిపోయి ఉన్నాయి. కొత్త సెల్లులు వేసి చూస్తే లోపల ఒకే ఒక ఫైలు, దాని పొడవు సున్నా నిమిషాల సున్నా సెకన్లు. నొక్కితే ఫైలు చెడిపోయిందని చూపించింది. త్రివేణి దాన్ని పట్టుకుని బడికొచ్చింది.

నా మొదటి తెలివితక్కువ పని ఇక్కడే. ఆమె నీళ్లు తాగి వచ్చేలోపల నేను మెనూ తెరిచి రీసెట్ కొట్టాను. టీవీ మొరాయించినా, పిల్లలు మొరాయించినా మొదటి నుంచి మొదలుపెట్టించడం నా అలవాటు. ఫైలు అలాగే ఉంది, ఏమీ మారలేదు కదా అని ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. రెండోది ఇంకా దరిద్రం. కార్డును ఫార్మాట్ చెయ్యాలా అని రికార్డరు అడుగుతోంది. ఫార్మాట్ అంటే కార్డును మొత్తం తుడిచి కొత్తది చెయ్యడం.

"చేసెయ్ త్రివేణీ," అన్నాను. "ఆమె గొంతు ఎలాగూ పోయింది. రికార్డరైనా బాగుపడుతుంది."

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. త్రివేణి నా చేతిలోంచి రికార్డరు లాక్కుంది. కార్డు బయటికి తీసి, దాని అంచున ఉండే చిన్న మీటను గోటితో కిందికి జరిపింది.

"ఇంక దీని మీద ఎవురూ ఏమీ రాయలేరు, తుడవలేరు. ఫార్మాట్ చెయ్యను టీచరమ్మా. ఏమైందో తెలిసేదాకా చెయ్యను."

గురువారం షిఫ్టు అయ్యాక హోసూరులో మోహన్‌కుమార్ అనే అతని రిపేరు షాపుకు పోయిందట. అతను కార్డును కంప్యూటరుకు పెట్టి, రెండు నొక్కులు నొక్కి, సైజు సున్నా ఉండాది, లోపల ఏమీ లేదు, ఫార్మాట్ కొట్టి ఇస్తానన్నాడు.

"ఎందుకు సున్నా అయింది?" అని అడిగింది త్రివేణి.

"అయింది, అంతే. ఎలక్ట్రానిక్స్ కదమ్మా."

"ఎలక్ట్రానిక్స్‌లో అంతే అనేది లేదన్నా. ఏదో ఒకటి అయింటాది," అని కార్డు తీసుకుని వచ్చేసింది. ఈ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి పోయాను. త్రివేణి రికార్డరును అత్త ముందు పెట్టుకుని కూర్చుంది. దీపాలు పెట్టే వేళ, గూట్లో దీపం అప్పుడే వెలిగించారు.

"అత్తా, ఆ పొద్దు ఏం చేసినావు? కింద పడేసినావా?"

కెంచమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎవురన్నా ముట్టినారా? వానలో తడిసిందా?"

కాదు, కాదు.

"బటన్ ఒత్తినావు కదా?"

కెంచమ్మ కోడలిని ఒక చూపు చూసింది. లేచి, రికార్డరు తీసుకుని, గూట్లో దీపం పక్కన పెట్టింది. దీపం వత్తిని చూపించింది. ఆ మంటను ఆర్పబోతున్నట్టు ఒక చెయ్యి చాపి, రెండో చేత్తో ఆ చేతి మీద చట్‌మని కొట్టుకుంది. తర్వాత రికార్డరులో ఎర్ర లైటుండే చోటు మీద వేలు పెట్టి, మళ్లీ అదే చేసింది. చివరికి అరచెయ్యి పైకి తిప్పి, మెల్లగా కప్పు వైపు ఎత్తింది.

నాకు త్రివేణి కంటే ముందే తెలిసిపోయింది. మా ఇంట్లోనూ అంతే కదా. వెలిగించిన దీపాన్ని చేత్తో ఆర్పం, నోటితో ఊదం. నూనె అయిపోయి దానంతటదే పోవాలి. పోయిందని కూడా అనం, కొండెక్కిందంటాం. అందులోనూ ప్రాణం మీది ఆపరేషనుకు పోయే పొద్దున, తన గొర్రెల కోసం వెలిగించిన లైటు అది. కోడలు చదువుకున్న పిల్ల, తెలియక ఆర్పమని చెప్పిందనుకుంది కెంచమ్మ. మర్యాదగా తెచ్చి గూట్లో దీపం పక్కన పెట్టి, ఆస్పత్రికి పోయింది.

త్రివేణి నేలమీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"కారణం దొరికింది టీచరమ్మా. పోలేదు. ఏదీ పోలేదు!"

ఆమె నాకు చెప్పింది మీకూ చెబుతాను. రికార్డరు శబ్దాన్ని ఎప్పటికప్పుడు కార్డు మీద రాసుకుంటూ పోతుంది. ఆపు బటన్ నొక్కినప్పుడే మళ్లీ మొదటి పేజీకొచ్చి, ఈ పుస్తకం ఇంత పొడవు అని రాస్తుంది. ఇక్కడ ఆపు బటన్ ఎవరూ నొక్కలేదు. నా పాత సెల్లులు చచ్చేముందు చెప్పి చావవు, ఒక్కసారిగా చస్తాయి. మొదటి పేజీ ఖాళీగా ఉండిపోయింది. రికార్డరు, మోహన్‌కుమార్, నేను, ముగ్గురం ఆ ఖాళీ పేజీ చూసి పుస్తకమే లేదన్నాం.

శుక్రవారం త్రివేణి చెప్పాపెట్టకుండా కంపెనీకి డుమ్మా కొట్టి మా బడి కంప్యూటరు ముందు కూర్చుంది. కార్డును నేరుగా ముట్టుకోలేదు. ముందు కార్డు మొత్తానికి ఒక నకలు తీసుకుంది. తప్పు జరిగితే నకలు మీదే జరగాలి అంది. ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు ఒకటి దించుకుని ఆ నకలంతా గాలించింది. పేరూ పొడవూ లేని పెద్ద ముక్క ఒకటి దొరికింది. నేను చప్పట్లు కొట్టబోయాను.

"ఆగండి. ఇంకా గొంతు వినలేదు," అంది.

వినిపిస్తే హోరు. టీవీలో బొమ్మ పోయినప్పుడు వచ్చే హోరు. ఆ ముక్కను ఎలా చదవాలో మొదటి పేజీలోనే ఉంటుందట, అది లేదు కాబట్టి మనమే చెప్పాలట. అదే రికార్డరులో ఇంకో కార్డు వేసి, నా చేత పది సెకన్లు మాట్లాడించి, ఆ మంచి ఫైలు మొదటి పేజీ చూసి అంకెలు తీసుకుంది. ఆ అంకెలు పెడితే మళ్లీ హోరు. ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది, హోరే. మధ్యాహ్నమైంది. టిఫిను డబ్బా మూత కూడా తియ్యలేదు.

"ఈ రికార్డరే కదా," అని తనలో తనే గొణుక్కుంది. "నేను పెట్టిన సెట్టింగే కదా."

నేను ఆమె కుర్చీ దగ్గరికి జరిగాను.

"త్రివేణీ, బుధవారం నేను రీసెట్ కొట్టాను."

ఆమె కుర్చీ తిప్పి నన్ను చూసింది. ఇరవై రెండేళ్లలో పిల్లలను నేను చూసిన చూపు అది, మొదటిసారి నా మీదికొచ్చింది.

"మీరా టీచరమ్మా? అత్త పిలిచిన దినం ఒక్కో శబ్దం ముక్కకు నేను పెట్టింది ఇరవై నాలుగు బిట్లు. మీరు కొట్టినాక అది పదహారైంది. అందుకే అడ్డదిడ్డంగా చదవతా ఉండాది."

అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మాటలను మాత్రం తప్పుచోట విరిచి చదువుతున్నాం. మా రెండో తరగతివాళ్లు రోజూ చేసే పనే. త్రివేణి అంకె మార్చి, నొక్కింది.

"త్ర్ర్ర్ర్..."

కంప్యూటరు గదిలో కెంచమ్మ. ఆ వెనకే గొర్రె మెడలో గంట, పక్కింటి వాకిట్లో ఎవరో నీళ్లు చల్లుతున్న చప్పుడు, మళ్లీ "త్ర్ర్ర్ర్". నాకు ఏడుపొచ్చింది, ఏడ్చేశాను. త్రివేణి మాత్రం బల్ల మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, మూడుచోట్ల నకళ్లు పెట్టుకుంది.

గంట కొడితే నేను తరగతికి పోయాను. నలభై నిమిషాల తర్వాత వచ్చేసరికి ఆమె చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది. ఇందాకటి సంతోషం ముఖంలో లేదు. ఏమైందంటే చెప్పలేదు.

"పిలుపులు పావుగంటే. మొత్తం గంటా నలభై నిమిషాలుండాది టీచరమ్మా, సెల్లు చచ్చేదాకా," అని మాత్రం అంది. "మీ బడిలో ప్రార్థనకు పెట్టే పెద్ద స్పీకరు రేపు పొద్దున మా ఇంటికి తెచ్చేదానికైతాదా?"

బడి వస్తువును బయటికి తీసుకుపోకూడదు. తీసుకుపోయాను.

శనివారం నేను పోయేసరికి కృష్ణప్ప బండి వెనక తలుపు దించి నిలబెట్టాడు. దొడ్డి వాకిలికి అడ్డంగా కెంచమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో కట్టె. లేవడం లేదు. అనంతకుమార్ ఆమె ముందు గొంతుక్కూర్చుని బతిమాలుతున్నాడు.

"నువ్వే కదమ్మా చెప్పినావు, ఇచ్చెయ్‌రా అని. ఇప్పుడిట్ల చేస్తే ఎట్ల?"

కెంచమ్మ కట్టె నేలకేసి కొట్టింది. మెడ దగ్గరి గుడ్డ ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది.

"ఆయమ్మ వద్దంటా ఉండాది కదయ్యా," అన్నాను నేను, వాళ్ల యాసే నోటికొచ్చేసి.

"మాటే లేని మనిషిని ఏమని అడిగేదమ్మా?" అన్నాడు కృష్ణప్ప. "మాటుండే పొద్దు చెప్పింది కొడుకు విన్నాడు. బేరం బేరమే."

అతని మనుషులు దొడ్డి వెనకవైపు తడిక విప్పారు. గొర్రెలు ఆ సందులోంచి బయటపడి, తోలేవాళ్ల అరుపులకు బెదిరి, రాగి పైరు కోసేసిన చేలోకి, మామిడితోట వైపు నాలుగు దిక్కులా పరిగెత్తాయి. నలుగురు మనుషులు కేకలేస్తూ వెంటపడితే ఇంకా దూరం పోయాయి.

త్రివేణి స్పీకరును అత్త పక్కన గట్టుమీద పెట్టింది.

"హోయ్... బా, బా, బా..."

కెంచమ్మ ఉలిక్కిపడింది. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. తన గొంతు తన మెడలోంచి కాక పక్కనున్న డబ్బాలోంచి రావడం ఆమెకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఈలోగా చేలో, మందకు ముందు నడిచే గంట గొర్రె ఆగింది. చెవులు ముందుకు పెట్టింది. రెండో పిలుపుకు తిరిగింది. మూడో పిలుపుకు మామిడితోట అంచుకు పోయినవి కూడా తిరిగి, దుమ్ము లేపుకుంటూ వచ్చి, వాకిట్లో కూర్చున్న కెంచమ్మ చుట్టూ మూగాయి. ఒకటి ఆమె ఒళ్లో మూతి పెట్టింది. కెంచమ్మ దాని చెవి పట్టుకుని, నోరు తెరిచి, శబ్దం లేకుండా ఏడ్చింది.

ఊరంతా నిలబడి చూస్తోంది. కృష్ణప్ప గొంతు సవరించుకున్నాడు.

"బాగానే వచ్చినాయి. అయితే బేరం కాదనేదానికి ఇది చాలదమ్మా. సొంతదారు ఒప్పుకున్నాది."

"సొంతదారు ఏం చెప్పిందో నువ్వే విను కృష్ణప్పన్నా," అని త్రివేణి రికార్డును ముందుకు జరిపింది. మొగుడి ముఖం చూడలేదు.

స్పీకరులో గిన్నెల చప్పుడు. అడుగుల చప్పుడు. ఆ తర్వాత అనంతకుమార్ గొంతు.

"అమ్మా, నీకింక గొంతు రాదు. ఈ మందను ఎవురు చూసేది? కృష్ణప్పకు చెప్పేస్తాను. సరేనా?"

"సరే కాదు," అంది కెంచమ్మ గొంతు, బొంగురుగా, గట్టిగా. "నా గొంతు పోతే గొంతు పోయినట్టు. గొర్రెలు పోయినట్టు కాదు. ఒక్కటి కూడా ఇచ్చేది లేదు."

"మరి పిలిచేదెవురు?"

"నా కోడలు పిలుస్తాది. దానికి నాకన్నా మొండితనం జాస్తి. నేర్చుకుంటాది."

గిన్నె కింద పెట్టిన చప్పుడు. మళ్లీ కొడుకు గొంతు, "ఈ లైటు వెలగతానే ఉండాది. ఆపేసేదా?"

"తాకొద్దు. దీపం అది. దానంతటది పోనీ."

త్రివేణి అక్కడ ఆపింది. అనంతకుమార్ ఉన్నచోటే నేలమీద కూలబడ్డాడు. "పోను పోను ఒప్పుకుంటాదిలే అనుకున్నాను," అన్నాడు, ఎవరికో కాదు, నేలకు. కెంచమ్మ కొడుకును తిట్టలేదు, తిట్టే వీలూ లేదు. కట్టె ఎత్తి కృష్ణప్ప బండిని చూపించి, రోడ్డును చూపించింది. ఆ సైగ అర్థం కానివాళ్లు ఆ వాకిట్లో ఎవరూ లేరు. నిన్నటిదాకా ఆమె వీపు నిమిరినవాళ్లు ఒక్కొక్కరూ జారుకున్నారు.

కృష్ణప్ప బండి తలుపు ఎత్తి బిగించుకున్నాడు. ఎక్కబోతూ ఆగాడు.

"రేపు ఆ డబ్బా చెడిపోతే ఏం చేస్తావమ్మా?"

"చెడిపోతే బాగుచేస్తాను."

"బాగు కాకుంటే?"

త్రివేణి స్పీకరు ఆపేసి నా చేతికిచ్చింది. వాకిట్లో గొర్రెల నడుమ నిలబడి, పెదవులు కలిపి ఊదింది. తుప్పర తప్ప ఏమీ రాలేదు. గోడెక్కి చూస్తున్నవాళ్లు పకపకా నవ్వారు. గొర్రెలు తలెత్తలేదు. మళ్లీ ఊదింది, మళ్లీ తుప్పరే. కెంచమ్మ లేచొచ్చి కోడలి దవడలు రెండు వేళ్లతో పట్టుకుని, బుగ్గలు లోపలికి నొక్కి, తన పెదవులు శబ్దం లేకుండా కదిపి చూపించింది. త్రివేణి ఆ పెదవులనే చూస్తూ ఊదింది. ఐదోసారో ఆరోసారో, బొంగురుగా, వంకరగా, "త్ర్ర్ర్" అని ఏదో వచ్చింది.

గంట గొర్రె తలెత్తింది. త్రివేణి వైపు అనుమానంగా చూసి, ఒక్క అడుగు వేసి, ఆగింది.

కెంచమ్మ కట్టెతో నేలమీద కొట్టింది. ఇంకోసారి, అని.